కొండ దిగడానికి ఇరవై రెండు నిమిషాలు

మెకానిక్ తన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటివంకే చూస్తూ కూర్చున్నాడు. ఏమడిగినా అతని దగ్గర ఒకటే జవాబు. తప్పు తనదేనట.

అడక్కముందే ఒప్పుకునేవాళ్లంటే నాకు మొదట్నుంచీ అనుమానం. బుకాయించేవాడు నయం, అబద్ధం అల్లుకుంటూ పోయి ఎక్కడో ఒకచోట తనే దొరికిపోతాడు. తల వంచుకు కూర్చున్నవాడి దగ్గర పట్టుకుని లాగడానికి కొస కూడా దొరకదు. స్టేషన్ గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. నాలుగింటికి ఇతని మీద కేసు రాసి లోపల వేస్తానని ఎస్సై చెప్పి మరీ భోజనానికి వెళ్లాడు. అంటే నాకు మిగిలింది రెండు గంటలకి పది నిమిషాలు తక్కువ. ఇంతకన్నా తక్కువ టైములో తేల్చిన కేసులున్నాయి కాబట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని తీరిగ్గానే కూర్చున్నాను.

జరిగింది ఇది. నిన్న ఉదయం కొండ మీది రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి పలకల లోడుతో దిగుతున్న డీజిల్ పికప్, చివరి మలుపు తిరగలేక పక్క గోతిలోకి దూకి తలకిందులైంది. నడిపినవాడు ఈ మెకానిక్‌కి స్వయానా బావ, అక్క మొగుడు. అతను ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆ పికప్ సైలెన్సర్ పైపులో మూడు నెలల క్రితం ఈ మెకానిక్ సొంతంగా తయారుచేసిన ఎగ్జాస్ట్ బ్రేకు బిగించాడు. ప్రమాదానికి ఆ బ్రేకే కారణమని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నిన్న సాయంత్రానికల్లా రిపోర్టు రాసి పడేశాడు. నిజం తేల్చమని ప్రైవేటు డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది అక్క. ఆవిడ నిన్నటి నుంచి తమ్ముడితో మాట్లాడటం లేదు.

పొద్దున ఆసుపత్రి వరండాలో ఆవిడ నాతో అన్నమాటలు నాకింకా చెవిలో ఉన్నాయి. "చిన్నోడు చేసిన దానివల్లే అయితే చెప్పేయండి మేడమ్, ఇక ఈ జన్మకి వాడి మొహం చూడను. కాదంటే మాత్రం కాస్త తొందరగా చెప్పండి. వాడు ఫోన్ చేస్తుంటే ఎత్తకుండా కూర్చోవడం నావల్ల కావడం లేదు." ఆ చిన్నోడికి ముప్పై ఎనిమిదేళ్లు. కణతల దగ్గర జుట్టు నెరిసింది కూడా.

నేరం గురించి అడగడం మానేసి పని గురించి అడిగాను. చేతిపని వచ్చినవాడు దేని గురించైనా నోరు కుట్టుకుంటాడు గానీ తన పని గురించి తప్పుగా మాట్లాడితే ఊరుకోడు. "పైపులో బిళ్ల పెట్టి మూసేశావు, పొగ బయటికి పోవడానికి దారి వదల్లేదు. ఇంజన్ ఆగిపోదా మరి?" అన్నాను, కావాలనే.

అతను మొదటిసారి తలెత్తాడు. బిళ్లకి బెజ్జం ఉందన్నాడు. నాలుగు మిల్లీమీటర్లు. మొదట మూడే వేశాడట, ఇంజన్ ఉబ్బసం పట్టినట్టు మూలిగిందట, అందుకని పెద్దది చేశాడట. అక్కణ్ణుంచి ఇక ఆపనక్కర్లేకపోయింది. సైలెన్సర్ పైపులో సరిగ్గా పట్టేంత గుండ్రటి ఇనప బిళ్ల. అది తిరగడానికి కడ్డీగా పాత ఇంజన్ వాల్వు కాడ వాడాడు, ఎంత వేడికైనా వంగదని. సీటు పక్కన పాత కారు హ్యాండ్ బ్రేకు పిడి బిగించి, అక్కణ్ణుంచి బిళ్లదాకా మోటారు సైకిలు క్లచ్ వైరు లాగాడు. పిడి లాగితే బిళ్ల అడ్డం తిరుగుతుంది. పొగ పోలేక వెనక్కి తన్నుతుంది, ఇంజన్ బరువెక్కుతుంది, ఆ బరువే బండిని పట్టి ఉంచుతుంది. కాలు బ్రేకు మీద పెట్టకుండానే కొండ దిగిపోవచ్చు. మా నాన్న లేతు మిషన్ షెడ్డులో పెరిగినదాన్ని, మంచి పనికీ అతుకుబొంత పనికీ తేడా నాకు తెలుసు. ఇది మంచి పని.

"మరి తప్పు నీదెలా అయింది?"

మళ్లీ చేతుల వంకే చూసుకున్నాడు. "బావకి నేనే చెప్పాను మేడమ్. కొండ దిగేటప్పుడు కాలి బ్రేకు ముట్టుకోవద్దు, ఊరికే నొక్కితే వేడెక్కి పట్టు పోతుంది, చివరి మలుపు కోసం దాచుకో అని. మా బావ ఎవరి మాటా వినడు, నా మాట వింటాడు. నిన్న కూడా ఆ మలుపులోనే మొదటిసారి నొక్కి ఉంటాడు. అక్కడ బ్రేకు లేదు. నేను ఆ మాట చెప్పకపోయుంటే పైన మొదటి మలుపులోనే నొక్కేవాడు, బ్రేకు లేదని అక్కడే తెలిసేది, ఏ గట్టుకో ఆనించి ఆపుకునేవాడు."

ఆ మాటతో నాకు సగం కేసు విడిపోయింది. అతను మోస్తున్నది బిళ్ల బరువు కాదు, తను చెప్పిన మాట బరువు. పాపం, ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ బాగున్న కాలి బ్రేకు దానంతటది పోదు, ఆ మాట తెలిసినవాడు ఇంకొకడెవడో ఉన్నాడు. ఆ పికప్‌కి కాలి బ్రేకు తీసేస్తే ఆ సంగతి కొండ కింద చివరి మలుపులో గానీ బయటపడదని వాడికి తెలుసు.

ఈ బ్రేకు గురించి ఎవరెవరికి తెలుసని అడిగాను. లైసెన్సు గొడవలుంటాయని బావ చేత ఒట్టు వేయించుకున్నాడట. తనకీ, బావకీ, అక్కకీ తప్ప ఎవరికీ తెలియదట. ఒట్టు వేసిన మగవాళ్లు కొత్త వస్తువును ఎంత గుట్టుగా దాచుకుంటారో నాకు తెలియంది కాదు. బావ పక్క సీట్లో ఈమధ్య ఎవరైనా కూర్చున్నారా అన్నాను. ఫ్యాక్టరీ లోడింగ్ సూపర్‌వైజర్ కూర్చున్నాడు. అతని స్కూటర్ రిపేరులో ఉంటే పదిహేను రోజులుగా సాయంత్రాలు ఖాళీ పికప్‌లో కిందికి దింపుతున్నాడట బావ. ఆ పిడి చూసి సూపర్‌వైజర్ ముచ్చటపడి తన చుట్టం వ్యానుకీ ఒకటి చేయించమన్నాడట.

"బావ మనసులో ఇంకేమైనా పెట్టుకుని తిరుగుతున్నాడా?"

రేపటి విచారణ గురించి దిగులుగా ఉన్నాడన్నాడు. పోయిన నెలలో ఫ్యాక్టరీ క్రేన్ తాడు తెగి ఒక కూలీ పలక కింద పడి చనిపోయాడు. తాడు తెగేలా ఉందని ఆ కూలీ ముందే చెప్పడం, ఏమీ కాదులే ఎత్తమని ఇంకొకడు కేకలేయడం, రెండూ బావ కళ్లారా చూశాడు. రేపు పదకొండింటికి అధికారుల ముందు ఆ సంగతి చెప్పాలి. కేకలేసిందెవరో చిన్నోడికి తెలియదు. బావ ఇంట్లో చెప్పలేదు. సరే, బండి చూద్దాం పద అన్నాను.

పికప్ స్టేషన్ వెనక షెడ్డులో ఉంది. నిన్న సాయంత్రం క్రేన్ దాన్ని గోతిలోంచి తీసి చక్రాల మీద నిలబెట్టింది. పైకప్పు నలిగిపోయి సీటు మీదికి దిగింది. దాని ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తన రిపోర్టు ఫైలు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, జేబులో రెండు పెన్నులు. రెండేళ్ల కిందట ఒక బస్సు కేసులో ఆయన రాసింది తప్పని నేను నలుగురిలో తేల్చాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయన మీసం దానంతటదే నిక్కుతుంది.

"రండి మేడమ్ గారూ, మీకోసమే చూస్తున్నాం. ఇంజన్లు బాగుచేసే పని కూడా మొదలెట్టారట," అన్నాడు.

"బాగుచేయడం కాదండీ, బాగా చూడటం. మీరు వదిలేసిన పనే," అన్నాను.

ఆయన తన వాదన వినిపించాడు. వినదగ్గ వాదనే, కాదనను. బిళ్ల మూసుకున్న స్థితిలో దొరికింది. కాబట్టి కొండ మధ్యలో ఎక్కడో అది మూసుకుని బిగుసుకుపోయింది. పొగ పోక ఇంజన్ ఆగిపోయింది. ఇంజన్ ఆగితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. బండి చేయి దాటిపోయింది. ఇలాంటి ఇంటి వైద్యాలు చేసేవాళ్లని వదిలేస్తే రోడ్ల మీద మనుషులు మిగలరని కూడా అన్నాడు. మెకానిక్ నా వెనక నిలబడి అంతా విన్నాడు.

నేను గోనెపట్టా పరిచి బండి కిందికి దూరాను. ఇన్‌స్పెక్టర్ చొక్కా చూడగానే తెలిసింది, నిన్న కూడా ఆయన ఈ పని చేసి ఉండడు. టార్చి వేసి, ఊడిపోయిన జాయింటు దగ్గర పైపులోకి చూశాను. బిళ్ల మూసే ఉంది. నాలుగు మిల్లీమీటర్ల బెజ్జం ఉంది. ఆ బెజ్జం నుంచి అవతలి వైపు పైపు గోడ మీదికి జానెడు పొడవున మసి విసనకర్రలా విచ్చుకుని ఉంది. ఒత్తుగా, తాజాగా, ముట్టుకుంటే వేలికంటేలా. ఆగిపోయిన ఇంజన్ మసి ఊదదు. బిళ్ల మూసి ఉన్నంతసేపూ ఇంజన్ తిరుగుతూ, ఆ బెజ్జంలోంచే ఊపిరి వదులుతూ వచ్చింది. సీటు పక్కన పిడి కూడా పూర్తిగా లాగి, లాకు పంటిలో పడి ఉంది. అది బిగుసుకుపోవడం కాదు, మనిషి చేత్తో లాగి ఉంచడం.

పడుకునే అంతా చెప్పాను. పైన మెరిసే బూట్లు అటూ ఇటూ కదిలాయి.

అక్కణ్ణుంచి ముందుకు పాకి, బ్రేకు ఆయిల్ డబ్బా కింద చూశాను. డబ్బా ఖాళీ. దాని కింద నుంచి బయల్దేరే సన్న గొట్టాలు రెండు. ఒకటి ముందు చక్రాలకి, ఒకటి వెనక చక్రాలకి. బండి కింద ప్రతి నట్టు మీదా దుమ్మూ జిడ్డూ అట్ట కట్టి ఉన్నాయి. ఈ రెండు గొట్టాల నట్ల మూలలు మాత్రం తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. వేలితో తిప్పితే రెండూ కదిలాయి. ఒకదానంత వదులే రెండోదీ.

"దెబ్బకి వదులై ఉంటాయి. బండి పల్టీ కొట్టింది, ఆయిల్ అక్కడే పోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇందాకటి జోరు తగ్గింది.

ఇలా వచ్చి చూడమన్నాను. ఆయన తన చొక్కా వంక, నేల వంక ఒకసారి చూసుకుని, చివరికి మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. ఆ కాస్తకి నాకు ఆయన మీద గౌరవం కలిగింది. పోయిన నెలలో బావ బండి చట్రానికి నీలం రంగు వేయించాడు. బ్రేకు ఆయిల్ పడ్డచోట రంగు బతకదని మెకానిక్‌లకే కాదు, ఒకసారి చేయి జారి ఒలకబోసుకున్నవాళ్లందరికీ తెలుసు. నట్ల దగ్గర మొదలై చట్రం మీదుగా తిన్నగా నేలవైపు, వేలెడు వెడల్పున రంగు ఉబ్బి ముడతలు పడింది. ఆ ముడతల మీద గోతిలోని ఎర్రమట్టి అంటుకుని ఉంది. బండి గోతిలో పడింది తలకిందులుగా. అక్కడ ఆయిల్ కారి ఉంటే పైకప్పు వైపు కారాలి, నేలవైపు కాదు. బండి పరుగెడుతుండగా కారి ఉంటే గాలికి వెనక్కి చిమ్మాలి, ఇలా నూలు పట్టినట్టు దిగదు. బండి చక్రాల మీద కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, గోతిలో పడకముందు, ఇది కారింది. నిన్న పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిదాకా పికప్ నిలబడి ఉన్నది ఫ్యాక్టరీ లోడింగ్ దగ్గర.

"నట్లు వదులు చేస్తే గేటు దగ్గరే తెలిసిపోదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మంచి ప్రశ్నే. దానికి మెకానిక్ జవాబు చెప్పాడు, నేను కాదు. లోడింగ్ నుంచి గేటుదాకా ఎత్తుకి ఎక్కాలి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బండి దానంతటదే ఆగుతుంది. గేటు దాటాక బావ పిడి లాగి, రెండో గేరు వేసి, కాలి బ్రేకు జోలికి పోకుండా దిగిపోతాడు. లోడుతో అయితే కింది దాకా ఇరవై రెండు నిమిషాలు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. సాయంత్రం ఖాళీ బండి అయితే మూడో గేరులో పద్నాలుగు.

నా దగ్గరున్న టైములు తీశాను. గేటు పుస్తకంలో పికప్ బయటికి వెళ్లింది తొమ్మిదీ పదికి. పొద్దున ఫ్యాక్టరీ లోడింగ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ తనే పుస్తకం తెప్పించి చెప్పాడు, ఎంతో మర్యాదగా. కింద చెక్‌పోస్టు కెమెరాలో బండి గోతిలోకి దూకింది తొమ్మిదీ ముప్పై రెండుకి. అది నేను నా కళ్లతో చూశాను. ఇరవై రెండు నిమిషాలు. మధ్యలో ఎక్కడైనా ఇంజన్ ఆగి బండి చేయి జారి ఉంటే అది ఆ టైముకి ఆ మలుపు చేరేది కాదు. మెకానిక్ చేసిన బ్రేకు మొదటి మలుపు నుంచి చివరి మలుపు దాకా తన పని తను తు.చ. తప్పకుండా చేసింది. అది లేకపోతే బండి అందుకునే వేగానికి ఆ మనిషి గోతిలో పడేవాడు కాదు, లోయలో పడేవాడు.

మెకానిక్ గోడకి ఆనుకుని మెల్లగా కిందికి కూర్చున్నాడు. మోచేయి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అతన్ని కాసేపు అలా వదిలేశాను.

ఇన్‌స్పెక్టర్ ఓటమిని మింగడానికి తంటాలు పడుతున్నాడు. చివరికి, పోలీసులకన్నా ముందు అక్కడికి చేరింది తనేనని, వాళ్లు పదింటికి వస్తే తను పది నిమిషాల ముందే ఉన్నానని, డ్యూటీ విషయంలో తనని ఎవరూ వేలెత్తి చూపలేరని చెప్పుకున్నాడు. నిజమే, ఎలా చేరారని అడిగాను. ఎవరో ఫోన్ చేశారన్నాడు. రాళ్ల లోడు పికప్ చివరి మలుపులో బోల్తా పడిందని, పైపులో దొంగ బ్రేకు ఒకటి ఉంది, అదే కొంప ముంచిందని చెప్పి, పేరు చెప్పకుండా పెట్టేశాడట. ఎవరో బాధ్యత తెలిసిన మనిషి అనుకున్నాడట.

"ఎన్నింటికి?"

ఆయన ఫోన్ తీశాడు. వేలితో పైకి జరుపుకుంటూ పోయి, ఒకచోట ఆగాడు. మళ్లీ చూశాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

తొమ్మిదీ ఇరవై ఏడు.

ఆ ఫోన్ వచ్చేసరికి బావ ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. పిడి పట్టుకుని, రెండో గేరులో, నింపాదిగా దిగుతున్నాడు. గోతిలో పడటానికి ఇంకా ఐదు నిమిషాలుంది. పద్నాలుగు నిమిషాల లెక్క వేసుకుని, ఒక మూడు నిమిషాలు ఆగి మరీ ఫోన్ చేసినవాడు ఎవడో గానీ, వాడు ఆ బండిలో దిగింది సాయంత్రాలే, ఖాళీగానే. లోడుతో ఎంతసేపు పడుతుందో వాడికి తెలియదు. ఇక నంబరు చూడక్కర్లేదు గానీ చూశాను. పొద్దున నేను గేటు టైము కోసం చేసిన నంబరే. లోడింగ్ ఆఫీసు బల్ల మీది ఫోన్. రేపటి విచారణలో బావ చెప్పబోయే పేరు ఎవరిదో కూడా ఇక అడగక్కర్లేదు.

"నా చేత రాయించాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. రిపోర్టు ఫైలులోంచి కాగితాలు బయటికి లాగి అడ్డంగా చించేశాడు. అంతకుముందు ఎప్పుడూ నాతో మాట్లాడని గొంతుతో, "జీపు తీస్తాను, ఎక్కడికి వెళ్లాలో చెప్పండి," అన్నాడు.

ఫ్యాక్టరీకే అనుకున్నాను. నాలుగింటికి ఇంకా గంటకు పైగా ఉంది, చేతిలో సాక్ష్యం ఉంది, పక్కన ప్రభుత్వ జీపు ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా మీద నాకే ముచ్చటేసింది. వెళ్లేముందు అక్కకి ఆ ఒక్క మాటా చెబుదామని ఫోన్ చేశాను. తమ్ముడు వినేలా స్పీకర్ పెట్టాను.

నేను నోరు తెరవకముందే ఆవిడే మాట్లాడింది. మాటల్లో ఏడుపూ సంతోషమూ కలిసిపోయి ఉన్నాయి. ఆయన పావుగంట క్రితం కళ్లు తెరిచాడట. తనని గుర్తుపట్టాడట. సాయంత్రానికి మాట్లాడతాడని డాక్టరు చెప్పాడట. నిన్నట్నుంచి ఒంటి మీది బట్టలు కూడా మార్చలేదని, ఇంటికెళ్లి స్నానం చేసి రమ్మని, అంతవరకూ తాను చూసుకుంటానని సూపర్‌వైజర్ గారు బలవంతం చేసి పంపారట. దేవుడిలా వచ్చారు, ఫ్యాక్టరీలో అంత పని పెట్టుకుని, అంది.

జీపు తలుపు మీద ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, ఎక్కడున్నారు?" అన్నాను.

"ఆసుపత్రి గేటు దగ్గర. ఆటో కోసం చూస్తున్నాను."

"వెనక్కి పరిగెత్తండి. చిన్నోడి బ్రేకు ఏ తప్పూ చేయలేదు. మీ ఆయన బతికి బయటపడింది దానివల్లే. కాలి బ్రేకు తీసేసినవాడు ఇప్పుడు ఆయన మంచం పక్కన ఉన్నాడు."

ఆవిడ ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు. ఫోన్ కూడా పెట్టేయలేదు. చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత అవి విప్పేసినట్టుంది, ఊపిరి మాత్రమే మిగిలింది. ఇన్‌స్పెక్టర్ జీపు స్టార్ట్ చేశాడు. మెకానిక్ వెనక ఎక్కి, నా చేతిలోని ఫోన్ మీదికి వంగి, "అక్కా, మెట్లు వద్దు, ర్యాంపు మీద నుంచి వెళ్లు, దగ్గర," అన్నాడు. రోజు దాటాక వాళ్లిద్దరి మధ్య మొదటి మాట అదే.

"సరేరా," అంది ఆవిడ, పరిగెడుతూనే.

తలుపు తోసిన చప్పుడు. ఆ తర్వాత పొద్దున నాకు గేటు టైము చెప్పిన గొంతే, అంతే మర్యాదగా, అంతే మెల్లగా.

"అప్పుడే వచ్చేశారేంటమ్మా? ఆయన మళ్లీ నిద్రపోయారు."